ఆ బంతి వెనక ఇంటర్‌ లెక్కలు!

పోకెమాన్‌, పాల్‌వరల్డ్‌ లాంటి ఆటల్లో వింత జీవులు ఎప్పుడు కనిపిస్తాయి? ఎందుకు పారిపోతాయి? ఏం చేస్తే దొరుకుతాయి? అన్నింటికీ రాసిపెట్టిన నియమాలున్నాయి. ఆట ఆడేవాళ్లు కోట్లలో ఉన్నారు. ఆ నియమాల్ని విప్పి చదవగలిగేవాళ్లు తక్కువ. గేమింగ్‌లో కెరియర్‌ కోరుకునేవాళ్లు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

మీరు గడ్డి పొదలో నక్కి ఉన్నారు. పది గజాల దూరంలో ఓ వింత జీవి అటు తిరిగి మేస్తోంది. చేతిలో బంతి. లేచి విసిరారు. తగిలింది. జీవి బంతిలోకి వెళ్లిపోయింది. బంతి ఒకసారి ఊగింది. రెండోసారి ఊగింది. మూడోసారి ఊగబోతూ ఫట్‌మని తెరుచుకుంది. జీవి బయటికొచ్చి ఒకటే పరుగు.

‘ఛ, లక్కు లేదు’ అనుకుని ఇంకో బంతి తీస్తారు. తియ్యకుండా ఒక్క నిమిషం ఆగండి. మీరు నక్కినప్పుడు ఒక లెక్క, విసిరినప్పుడు ఒక లెక్క, బంతి ఊగినప్పుడు మరో లెక్క లోపల నడిచాయి. వాటిలో చాలావరకు మీరు ఇంటర్‌లో చదివినవే. డాట్‌ ప్రొడక్ట్‌, ప్రొజెక్టైల్‌ మోషన్‌, ప్రాబబిలిటీ. ఈఏపీసెట్‌ రాసేశాక అటకెక్కించిన పుస్తకాలన్నమాట!

రాజాం, టెక్కలి, ఎచ్చెర్ల, విజయనగరం.. మన రెండు జిల్లాల్లో ఏ ఇంజినీరింగ్‌ హాస్టల్‌కి వెళ్లినా ఏదో ఒక ఆట ఆడని కుర్రాళ్లు తక్కువ. ఇంట్లో మాత్రం ‘ఎప్పుడు చూసినా ఆ ఆటేనేటి?’ అన్న మాటే. ఆ భయంలో కొంత న్యాయం ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఆటని విప్పి చూద్దాం. ఎందుకంటే ‘నేను వెయ్యి గంటలు ఆడాను’ అన్న మాట రెజ్యూమెలో పనికిరాదు. ‘ఆ బంతి ఎందుకు తెరుచుకుందో నాకు తెలుసు, ఇదిగో లెక్క’ అన్న మాట పనికొస్తుంది.

పురుగులు పట్టిన కుర్రాడు

ఈ తరహా ఆటకి మూలం ఓ జపాన్‌ కుర్రాడి సరదా. సతోషి తజిరి టోక్యో శివార్లలో పెరిగాడు. చిన్నప్పుడు చెరువు గట్లమీద, చెట్ల కింద పురుగులు ఏరడం అతని పని. ఊరు పెరిగి ఆ పొలాలు కాంక్రీటు కింద పోయాయి. పెద్దయ్యాక ఆ వెతుకులాటనే ఆటగా మార్చాడు. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో పోకెమాన్‌ రెడ్‌, గ్రీన్‌ అలా వచ్చాయి. తూనీగ తోకకి దారం కట్టి, బంగారు పురుగుని అగ్గిపెట్టెలో పెట్టుకుని తిరిగిన మన ఊరి పిల్లలకి ఆ సరదా ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

మొదట్లో జీవి కనిపించగానే తెర మారిపోయి, ‘నీ వంతు - నా వంతు’ పద్ధతిలో పోరు జరిగేది. తర్వాత లోకం విశాలమైంది. 2022 జనవరి 28న వచ్చిన పోకెమాన్‌ లెజెండ్స్‌ ఆర్సియస్‌లో నేరుగా పొదల్లో నక్కి బంతి విసరొచ్చు. అదే ఏడాది నవంబరు 18న వచ్చిన స్కార్లెట్‌, వయొలెట్‌ ఆ సిరీస్‌లో పూర్తి ఓపెన్‌ వరల్డ్‌ ఆటలు. ఏ దిక్కుకైనా, ఏ వరసలోనైనా వెళ్లొచ్చు. 2024 జనవరి 19న జపాన్‌ సంస్థ పాకెట్‌పెయిర్‌ విడుదల చేసిన పాల్‌వరల్డ్‌ దానికి ఇల్లు కట్టడం, పని చేయించడం, తుపాకులు కూడా జోడించింది. నెల తిరిగేసరికి రెండున్నర కోట్లమంది ఆడారు.

పేర్లు వేరైనా ఈ ఆటలన్నింటిలో మూడు ప్రశ్నలుంటాయి. జీవి ఎక్కడ పుడుతుంది? మిమ్మల్ని చూస్తే ఏం చేస్తుంది? బంతి వేస్తే దొరుకుతుందా?

ఆరుద్ర పురుగు చెప్పే పాఠం

ఆటలో జీవి ప్రత్యక్షం కావడాన్ని స్పాన్‌ అంటారు. ఏ జీవి, ఏ చోట, ఏ వేళ, ఏ వాతావరణంలో, ఎంత అరుదుగా రావాలో ఒక పట్టికలో ఉంటుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి జపాన్‌ దాకా పోనక్కర్లేదు. మన జిల్లాలే చాలు.

ఆరుద్ర పురుగుని తీసుకోండి. ఎర్ర మఖమల్‌ గుడ్డలా ఉండే ఆ పురుగు ఏడాదంతా కనిపించదు. ఆరుద్ర కార్తెలో, తొలకరి పడి నేల తడిస్తేనే పైకొస్తుంది. అంటే పట్టికలో మూడు షరతులు: చోటు - పొలం, కాలం - జూన్‌ చివర, వాతావరణం - వాన వెలిశాక. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి పెలికాన్లు, పెయింటెడ్‌ స్టార్క్‌లు వచ్చి ఊరి చెట్లమీదే గూళ్లు కట్టుకుంటాయి. పిల్లల్ని పెంచి, వేసవి ముదిరేసరికి వెళ్లిపోతాయి. షరతులు: ఊరు, సీజన్‌, గూటికి తగిన చెట్టు. బారువ తీరానికి ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. షరతులు: ఇసుక తీరం, సీజన్‌, రాత్రి వేళ. (ఇవన్నీ ఆటకి ఉదాహరణలే సుమా. బయట వీటి జోలికి పోకూడదు. ఆలివ్‌ రిడ్లేకి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యున్నత రక్షణ ఉంది.)

షరతులన్నీ సరిపోయాక ‘బరువు’ వస్తుంది. ఒక పచ్చిక మైదానంలో నాలుగు జీవులున్నాయనుకోండి. వాటి బరువులు 60, 30, 9, 1. కంప్యూటర్‌ 1 నుంచి 100లోపు ఒక అంకె తీస్తుంది. 60 లోపైతే మొదటి జీవి, 61 నుంచి 90 అయితే రెండోది, 91 నుంచి 99 అయితే మూడోది. సరిగ్గా 100 పడితేనే నాలుగోది.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. 1 శాతం కాబట్టి 100 సార్లు చూస్తే ఒకసారి కచ్చితంగా వస్తుందనుకుంటారు. లెక్క కట్టండి. ఒక్కసారి రాకపోయే అవకాశం 0.99. దాన్ని 100 సార్లు గుణిస్తే సుమారు 0.366. అంటే 100 సార్లు వెతికినా కనిపించని వాళ్లు ప్రతి 100 మందిలో 37 మంది దాకా ఉంటారు. ఆట డిజైన్‌ చేసేవాళ్లు ఆ 37 మంది విసిగి ఆట మానేస్తారా, మరో గంట వెతుకుతారా అని ఆలోచించాలి. ఆ ఆలోచనకే జీతం ఇచ్చేది.

ఇంకో సంగతి. అంత పెద్ద లోకంలో జీవులన్నీ ఒకేసారి బతికి ఉండవు. అలా ఉంటే ఏ ఫోనూ, ఏ కన్సోలూ తట్టుకోలేదు. లోకాన్ని గళ్లుగా కోసి, మీ చుట్టుపక్కల గళ్లలోనే జీవుల్ని పుట్టిస్తారు. మీరు దూరం వెళ్లగానే వెనకవి మాయం. విజయనగరం గంటస్తంభం దగ్గర మీరు నిలబడితే బొబ్బిలి కోట దగ్గర ఆ క్షణంలో ఏమీ లేనట్టే. డేటా స్ట్రక్చర్స్‌ పేపర్లో గ్రిడ్‌, హాష్‌ టేబుల్‌ ఎందుకు చదివామా అనిపిస్తే, ఇందుకే.

అది మిమ్మల్ని ఎలా చూస్తుంది?

జీవికి కళ్లు బొమ్మగానే ఉంటాయి. చూసేది లెక్క. జీవి ముఖం ఏ దిక్కున ఉందో ఒక వెక్టర్‌. జీవి నుంచి మీ వైపు గీసిన గీత ఇంకో వెక్టర్‌. రెండింటి పొడవునీ ఒకటికి తెచ్చి డాట్‌ ప్రొడక్ట్‌ తీస్తే వచ్చేది వాటి మధ్య కోణానికి కొసైన్‌. అది 0.5 కంటే ఎక్కువైతే మీరు దాని ముఖానికి ఇరువైపులా 60 డిగ్రీల లోపు ఉన్నట్టు. దూరం కూడా, ఉదాహరణకి, 15 మీటర్ల లోపైతే దాని కంట పడ్డట్టే. విలువ మైనస్‌లో ఉంటే మీరు వెనక ఉన్నారు.

లెజెండ్స్‌ ఆర్సియస్‌లో గమనించని జీవికి వెనక నుంచి బంతి తగిలిస్తే పట్టు దొరికే అవకాశం పెరుగుతుంది. పాల్‌వరల్డ్‌లోనూ వీపు మీద కొడితే లాభమే. తెర మీద అది వేటగాడి నేర్పులా కనిపిస్తుంది. కోడ్‌లో ఒక మైనస్‌ గుర్తు.

చూశాక ఏం చేస్తుందన్నది ఇంకో పొర. ఒక జీవి బుర్రలో నాలుగు స్థితులు పెట్టుకోండి: మేత, అనుమానం, గుర్తింపు, పరుగు. చప్పుడైతే మేత నుంచి అనుమానానికి వెళ్తుంది. మూడు సెకన్లు ఏమీ కనిపించకపోతే మళ్లీ మేతకి. కంట పడితే గుర్తింపు, అక్కణ్నుంచి పరుగు. కోపిష్ఠి జాతైతే పరుగు బదులు దాడి. దీన్నే ఫైనైట్‌ స్టేట్‌ మెషీన్‌ అంటారు. ఆటోమేటా థియరీలో గుండ్రాలు, బాణాలు గీసి మార్కులు తెచ్చుకున్నారు కదా, ఇదే అది. ఒక్క ‘అనుమానం’ అనే స్థితి తీసేసి చూడండి. జీవి మిమ్మల్ని చూడగానే పారిపోతుంది, నక్కడానికి అర్థమే ఉండదు, ఆట చప్పబడిపోతుంది.

విసురుడులో ఫిజిక్స్‌ ఉంది. సెకనుకి 20 మీటర్ల వేగంతో, 45 డిగ్రీల కోణంలో విసిరితే గాలి నిరోధం లెక్కలోకి తీసుకోకపోతే బంతి దాదాపు 41 మీటర్ల దూరంలో పడుతుంది. 30 డిగ్రీలకి 35 మీటర్లు. ఆర్సియస్‌లో ఫెదర్‌ బాల్‌ దూరం పోతుంది, హెవీ బాల్‌ దగ్గరే పడిపోతుంది కానీ గమనించని జీవి మీద బాగా పనిచేస్తుంది. అంటే బరువైన బంతితో దగ్గరికి వెళ్లాలి, దగ్గరికి వెళ్తే కంట పడే ప్రమాదం. ఒకటి ఇచ్చి ఒకటి లాక్కోవడం. మంచి ఆటంతా ఇలాంటి బేరాలతోనే నడుస్తుంది.

6 శాతం నుంచి 70 శాతానికి

ఇప్పుడు అసలు లెక్క. పోకెమాన్‌ పాత ఆటల సూత్రాన్ని అభిమానులు ఆట కోడ్‌ను తవ్వి ఎప్పుడో బయటపెట్టారు. 2002లో వచ్చిన రూబీ, సఫైర్‌ కాలం నాటి సూత్రం చూద్దాం, కాగితం మీద చేసేంత తేలిక.

ప్రతి జాతికీ ఒక క్యాచ్‌ రేట్‌ ఉంటుంది. గరిష్ఠం 255, అతి అరుదైన లెజెండరీలకి 3. ఎందుకు 255? ఒక బైట్‌లో పట్టే పెద్ద అంకె అదే కనుక. ఆ రేటుని మూడింటితో గుణిస్తారు. మొదటిది ఆరోగ్యం: పూర్తి హెచ్‌పీకి మూడు రెట్లు వేసి, మిగిలిన హెచ్‌పీకి రెండు రెట్లు తీసేసి, దాన్ని పూర్తి హెచ్‌పీకి మూడు రెట్లతో భాగించాలి. రెండోది బంతి: మామూలుదైతే 1, గ్రేట్‌ బాల్‌ 1.5, అల్ట్రా బాల్‌ 2. మూడోది స్థితి: నిద్రలో ఉంటే 2. వచ్చినదాన్ని 255తో భాగిస్తే దొరికే అవకాశం.

క్యాచ్‌ రేట్‌ 45, పూర్తి హెచ్‌పీ 100 ఉన్న జీవి ఎదురైందనుకోండి.

* దెబ్బ కొట్టకుండా మామూలు బంతి వేస్తే: 15/255. దాదాపు 6 శాతం.
* హెచ్‌పీ 1కి తెచ్చి అదే బంతి వేస్తే: 17.5 శాతం.
* ఆపైన నిద్ర కూడా పుచ్చితే: 35 శాతం.
* పై రెండూ చేసి అల్ట్రా బాల్‌ వేస్తే: 70 శాతం.

మొదటి పద్ధతిలో పది బంతులు వేసినా దొరికే అవకాశం 45 శాతమే. చివరి పద్ధతిలో మూడు బంతులకే 97 శాతం. ‘లక్కు’ అనుకున్నది పన్నెండు రెట్లు మీ చేతిలోనే ఉంది!

బంతి ఊగడం సంగతేంటి? ఆ ఒక్క అవకాశాన్ని నాలుగు పరీక్షలుగా కోశారు. నాలుగూ గెలిస్తేనే పట్టు. 6 శాతానికి నాలుగో మూలం తీస్తే దాదాపు 0.49. అంటే బొమ్మా బొరుసా నాలుగుసార్లు ఎగరేసి నాలుగుసార్లూ బొమ్మే పడాలన్నమాట. ఒకేసారి ‘దొరకలేదు’ అని చెప్పేస్తే ఫలితం అదే. కానీ నాలుగు ముక్కలుగా చెప్తే మూడోసారి ఊగేటప్పటికి మీ ఊపిరి ఆగుతుంది. గణితం మారలేదు, అనుభవం మారింది. గేమ్‌ డిజైన్‌ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈ ఒక్క ఉదాహరణ చెప్పండి.

పాల్‌వరల్డ్‌ ఇంకో దారి పట్టింది. గురిపెట్టగానే ఎంత శాతమో తెర మీదే చూపిస్తుంది. ఉత్కంఠ కొంత తగ్గుతుంది, వ్యూహం పెరుగుతుంది. అయితే చూపించాక లోపల నడిచేది దానికి సరిపోవాలి. ఆ ఆట కొత్తల్లో పట్టు బలం పెంచుకున్నా అవకాశం పెరగడం లేదని ఆటగాళ్లే బంతులు విసిరి, లెక్క రాసుకుని పట్టుకున్నారు. సంస్థ తర్వాతి అప్‌డేట్‌లో సరిచేసింది. ఆ ఆటగాళ్లు చేసిందే జీతానికి చేస్తే దాని పేరు క్యూఏ టెస్టింగ్‌.

ఇంట్లోవాళ్ల భయం ఎక్కడ నిజం?

20 బంతులు పోయాయి, 21వది తప్పకుండా పట్టేస్తుంది అనిపిస్తుంది. పై సూత్రంలో ‘ఇంతకుముందు ఎన్ని పోయాయి’ అన్న గడే లేదు. 21వ బంతికి పాత 20 గుర్తుండవు. ఆట బంతులైతే నష్టం లేదు. అదే నమ్మకంతో ఆన్‌లైన్‌ రమ్మీలో డబ్బు పెట్టి మన ఊళ్లలో అప్పులపాలైన ఇళ్లు ఎన్నో. ‘ఆట’ అన్న మాట వినగానే అమ్మానాన్నలకి గుర్తొచ్చేది అదే. అందుకే ఆంధ్రప్రదేశ్‌ 2020లోనే ఆన్‌లైన్‌ రమ్మీ, పోకర్‌ లాంటివి నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్‌ గేమింగ్‌ చట్టం డబ్బు పందెం ఆటలన్నింటినీ దేశమంతటా నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ని, పందెం లేని ఆటల్ని వేరుగా చూసి ప్రోత్సహిస్తామంది.

పందెం లేకపోయినా జేబుకి చిల్లు పెట్టే పద్ధతి ఇంకోటుంది, గాచా. 2020లో వచ్చిన ఓపెన్‌ వరల్డ్‌ ఆట జెన్‌షిన్‌ ఇంపాక్ట్‌లో అరుదైన పాత్ర ఒక్కో ప్రయత్నంలో వచ్చే మూల అవకాశం 0.6 శాతం. 90 ప్రయత్నాల్లోపు ఒకటి గ్యారంటీ. ఆట ఆ అంకె తానే చెప్తుంది, చదివేవాళ్లు తక్కువ. 90 ప్రయత్నాలకి ఎంత ఖర్చవుతుందో ముందే లెక్క కట్టి, ఆ తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి. ఈ మాట ఇంట్లో వివరంగా చెప్పగలిగితే, మీరు ఆడుతున్నది రమ్మీ కాదని నమ్మించడమూ తేలికవుతుంది.

మన చెరువు పటంలో ఉందా?

పోకెమాన్‌ గో విషయం వేరు. అక్కడ ఓపెన్‌ వరల్డ్‌ అంటే మన వీధులే. 2016 జులైలో మొదలై, అదే ఏడాది డిసెంబరులో జియోతో కలిసి మన దేశానికి వచ్చింది. బంతులు దొరికే పోకెస్టాప్‌లు ఎక్కడుండాలన్నది తొలుత దాని ముందు ఆట ఇన్‌గ్రెస్‌ నుంచి వచ్చింది. ఆ ఆటగాళ్లు తమ చుట్టూ ఉన్న విగ్రహాలు, గుళ్లు, పార్కులు ఫొటో తీసి పంపారు. ఆటగాళ్లు ఎక్కువున్న నగరాల్లో స్టాప్‌లు కిక్కిరిశాయి. పల్లెల్లో ఖాళీ. 2017 డిసెంబరు నుంచి ఆట పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ మీద నడుస్తోంది. ఏ జీవి ఎక్కడ రావాలన్నదానిలోనూ ఆ పటానికి పాత్ర ఉంది. నీళ్ల దగ్గర నీటి జాతి జీవులు ఎక్కువ. అంటే మీ ఊరి చెరువు పటంలో నీలంగా లేకపోతే, ఆటకి అక్కడ చెరువే లేదు.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ని ఎవరైనా సరిదిద్దొచ్చు. ఉచితంగా ఖాతా తెరిచి, ఉపగ్రహ చిత్రం మీద చెరువు గట్టు గీసి, పేరు తెలుగులోనూ రాయొచ్చు. ఆట కోసం అబద్ధపు చెరువులు గీయకూడదు, అలాంటివి తొలగిస్తారు. ఉన్నదాన్ని ఉన్నట్టు చేర్చండి. దీని లాభం ఆటతో ఆగదు. 2018లో తిత్లీ తుపాను వచ్చి వెళ్లాక, ఊరి దారి పటంలో ఉండటం ఎంత అవసరమో ఉద్దానం వాళ్లకి తెలుసు. జీఐఎస్‌, మ్యాపింగ్‌ ఉద్యోగాలకి వెళ్లాలనుకునేవాళ్లకి ఇది చేతిలో చూపించుకునే పని కూడా.

నియమానికీ పేటెంటు!

మీరూ ఇలాంటి ఆట చేద్దామనుకుంటే తెలుసుకోవాల్సిన కేసు ఒకటుంది. 2024 సెప్టెంబరులో నింటెండో, పోకెమాన్‌ కంపెనీ కలిసి పాకెట్‌పెయిర్‌ మీద టోక్యో జిల్లా కోర్టులో దావా వేశాయి. బొమ్మలు కాపీ కొట్టారని కాదు, మూడు పేటెంట్లు ఉల్లంఘించారని. అవి జీవిని పట్టే, బయటికి తీసే, ఎక్కి తిరిగే పద్ధతులకి సంబంధించినవి. దావా నడుస్తుండగానే 2024 నవంబరు అప్‌డేట్‌లో పాల్‌వరల్డ్‌లో బంతి విసిరి జీవిని బయటికి పిలిచే పద్ధతి తీసేశారు. అది నేరుగా పక్కనే ప్రత్యక్షమయ్యేలా మార్చారు. 2025 మేలో జీవిని పట్టుకుని గాల్లో తేలే పద్ధతిని కూడా మార్చి గ్లైడర్‌ పెట్టారు.

మన పేటెంట్ల చట్టం సెక్షన్‌ 3(ఎం) ప్రకారం ఆట ఆడే పద్ధతికి భారత్‌లో పేటెంటు ఇవ్వరు. హమ్మయ్య అనుకోకండి. స్టీమ్‌లోనో, ప్లేస్టోర్‌లోనో పెట్టిన ఆట జపాన్‌లో, అమెరికాలో కూడా అమ్ముడవుతుంది. అక్కడ అక్కడి చట్టం. బొమ్మలు, కోడ్‌, పాటలు, పేర్లకైతే ఇక్కడా కాపీరైట్‌, ట్రేడ్‌మార్క్‌ ఉన్నాయి. అందుకే పికాచూకి రంగు మార్చి పెట్టడం కంటే ఆరుద్ర పురుగు నుంచి మీ జీవిని పుట్టించుకోవడమే మేలు. అది ఎవరి దగ్గరా లేదు.

ఉద్యోగం ఏ పేరుతో ఉంటుంది?

‘గేమ్‌ డెవలపర్‌’ అని ఒకే ఉద్యోగం ఉండదు. పైన చెప్పుకున్న ఒక్కో ముక్క ఒక్కో మనిషి పని.

* చూపు కోణం, విసురుడు, స్థితుల మార్పు రాసేవాళ్లు: గేమ్‌ప్లే ప్రోగ్రామర్లు. సీ++ లేదా సీ షార్ప్‌ బాగా రావాలి.
* క్యాచ్‌ రేట్లు, స్పాన్‌ పట్టికలు నిర్ణయించేవాళ్లు: సిస్టమ్స్‌ డిజైనర్లు. స్ప్రెడ్‌షీట్‌, ప్రాబబిలిటీ, స్పష్టంగా రాయగలగడం ముఖ్యం.
* చూపిన శాతం నిజమేనా అని తేల్చేవాళ్లు: క్యూఏ టెస్టర్లు. ఫ్రెషర్లు అడుగుపెట్టే దారుల్లో ఇదొకటి.
* ఎంతమంది ఎక్కడ ఆగిపోతున్నారో చూసేవాళ్లు: డేటా అనలిస్టులు. పైథాన్‌, ఎస్‌క్యూఎల్‌ కావాలి.
* జీవికి రూపం, కదలిక ఇచ్చేవాళ్లు: ఆర్టిస్టులు, యానిమేటర్లు, టెక్నికల్‌ ఆర్టిస్టులు.

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్‌ ఆర్ట్స్‌, బెంగళూరులో రాక్‌స్టార్‌, పుణెలో యుబిసాఫ్ట్‌ లాంటి పెద్ద సంస్థల స్టూడియోలున్నాయి. పుణెకే చెందిన చిన్న బృందం నోడింగ్‌ హెడ్స్‌ 2020లో ‘రాజీ’ అనే ఆట చేసి విదేశాల్లోనూ అమ్మింది. సాఫ్ట్‌వేర్‌ సర్వీసుల కంపెనీలతో పోలిస్తే ఈ రంగంలో ఖాళీలు తక్కువే, క్యాంపస్‌కి వచ్చి తీసుకెళ్లడమూ అరుదే. డిగ్రీ పక్కన చేసి చూపించిన పని ఉండాలి. ఊరికే ‘ప్యాషన్‌’ అని రాస్తే సరిపోదు. ఒకవేళ గేమింగ్‌లోకి వెళ్లకపోయినా ఇందులో నేర్చుకున్న సిమ్యులేషన్‌, వెక్టర్లు, టెస్టింగ్‌ వేరే ఉద్యోగానికి పనికొస్తాయి, వృథా పోవు.

నాలుగు వారాల పని

ఖరీదైన కంప్యూటర్‌ అక్కర్లేదు. మామూలు కాలేజీ ల్యాప్‌టాప్‌ చాలు.

మొదటి వారం: పైథాన్‌లో క్యాచ్‌ సూత్రం రాయండి. పది వేల బంతులు విసిరించండి. 6, 17.5, 35, 70 శాతాలు వస్తున్నాయో లేదో చూడండి. తర్వాత నాలుగు పరీక్షల పద్ధతిలో మళ్లీ రాసి, ఫలితం అదేనని రుజువు చేయండి.

రెండో వారం: మీ ఊరి చుట్టూ పది జీవుల్ని ఊహించి స్పాన్‌ పట్టిక రాయండి. వంశధార ఒడ్డు, జీడితోట, సాలిహుండం కొండ, పెద్దచెరువు గట్టు.. చోటు, వేళ, వాన, బరువు. ఒక పేజీ దాటకూడదు.

మూడో వారం: గోడో ఇంజిన్‌ దించుకోండి. ఉచితం, ఓపెన్‌ సోర్స్‌. ఒక పచ్చిక, ఒక జీవి, ఒక బంతి. చెట్లు, సంగీతం, కథ ఏవీ వద్దు. జీవికి నాలుగు స్థితులు, 60 డిగ్రీల చూపు పెట్టండి. బంతి ఊగాలి.

నాలుగో వారం: కోడ్‌ని గిట్‌హబ్‌లో, ఆటని ఇచ్‌ డాట్‌ ఐవోలో పెట్టండి. పక్కనే రెండు పేజీల నోట్‌ తెలుగులోనో, ఇంగ్లిష్‌లోనో రాయండి: ఏ అంకె ఎందుకు పెట్టారు, మార్చి చూస్తే ఏమైంది. స్టూడియోవాళ్లు బొమ్మల కంటే ముందు చదివేది ఆ నోట్‌నే. ఏటా జనవరిలో జరిగే గ్లోబల్‌ గేమ్‌ జామ్‌లో రెండు రోజుల్లో ఆట చేయడం అలవాటు చేసుకుంటే బృందంతో పనిచేయడమూ వస్తుంది.

అన్నీ అయ్యాక ఆ ల్యాప్‌టాప్‌ని ఇంట్లో తమ్ముడికో, చెల్లికో ఇవ్వండి. వెనక నిలబడండి. ‘అటు కాదు, ఇటు వెళ్లు’ అని ఒక్క మాట కూడా అనకండి. ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ విసుక్కున్నారో, బంతి ఊగేటప్పుడు తెరకి దగ్గరగా వంగారో లేదో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చూసుకుంటూ అంకెలు మార్చడం మొదలుపెట్టండి.